పదివేల ఒకటో కుర్చీ

కుర్చీలు అద్దెకిచ్చే దుకాణంలో ఆయన మేస్త్రి. ముప్పై ఏళ్లలో ఏ సభలోనూ చివరి వరుసను కురచ కానివ్వలేదు. ఎన్ని కుర్చీలో చెబితే చాలు, లారీకి ఎక్కించకముందే అట్టముక్క మీద భాగహారాలు చేసేవాడు. ఏ సంఖ్యతో భాగించినా శేషం మిగిల్చేవాటిని ‘మొండివి’ అనేవాడు. ఒక కుర్చీ కలిపో తీసేసో వాటిని దారికి తెచ్చేవాడు.

ఇంటి సంగతి వేరు. అలమరకు నాలుగు మేకుల్లో మూడే దిగాయి. కుళాయి ఇంకో అర చుట్టు తిప్పితే కారడం ఆగేది, తిప్పలేదు. కిటికీ రంగు నిచ్చెన ఆఖరి మెట్టు దగ్గర ఆగిపోయింది.

ఆ ఏడాది మిల్లు సభకు పదివేల ఒక్క కుర్చీలు కావలసివచ్చాయి. పనివాళ్లు పదివేలు, యజమాని ఒకడు. తానూ అందరితో వరుసలోనే కూర్చుంటానని, అన్ని వరుసలూ సమానంగా ఉండాలని, ఒక్క కుర్చీ ఖాళీగా ఉండకూడదని ఆయన పట్టు. కుదరకపోతే పని వేరే దుకాణానికి పోతుంది.

మేస్త్రి మూడు సాయంత్రాలు భాగించాడు. మూడుతో పోనిది తొమ్మిదితోనూ పోదని, వంద దాకా చూస్తే చాలని ఆయనకు తెలుసు. మూడో రోజు పెన్సిల్ పడేశాడు.

“మొండిది. మావల్ల కాదని రేపు చెప్పేస్తా.”

ఉల్లిపాయలు తరుగుతున్న భార్య తలెత్తలేదు. “ఎంతదాకా చూశారు?”

“డెబ్బై ఒకటి.”

“వంద దాకా చూడాలన్నది మీరేగా?”

“ఇంతదాకా పోనిది ఇకముందు పోతుందా ఏంటి?”

“నాలుగో మేకు ఎందుకని అప్పుడూ ఇలాగే అన్నారు.”

చేతులు తుడుచుకుని అట్టముక్క లాక్కుంది. డెబ్బై రెండు సరిసంఖ్య, దాంతో పని లేదు. డెబ్బై మూడుతో భాగించింది. నూట ముప్పై ఏడు వచ్చింది. కింద సున్నా.

“డెబ్బై మూడు వరుసలు. వరుసకు నూట ముప్పై ఏడు. ఇప్పుడు చెప్పండి, మొండి ఎవరో!”

ఎక్కడైనా తప్పు దొరక్కపోతుందా అని మేస్త్రి రెండుసార్లు గుణించి చూసుకున్నాడు. దొరకలేదు.

సభరోజు పొద్దున కుర్చీలు దించుతుంటే ఒకదాని కాలు విరిగింది. దుకాణంలో ఇంకొకటి లేదు.

“పోనీ మేస్త్రీ, పెద్దాయనకు వేదిక మీద సోఫా వేసేద్దాం,” అన్నాడు మిల్లు మేనేజరు. “మిగిలేది పదివేలేగా, వందకు వంద. హాయిగా సరిపోతుంది!”

నిజమే, హాయే. మేస్త్రి చివరి వరుస చివర ఖాళీ వైపు కాసేపు చూశాడు. తర్వాత సైకిలెక్కాడు.

భార్య వంటింట్లో కుర్చీ మీద కూర్చుని ఉంది.

“కాస్త లే. అది కావాలి.”

“మరి నేనెక్కడ కూర్చోను?”

“నీ లెక్కకే ఒకటి తక్కువైంది మరి.”

ఆమె లేచింది. వాకిట్లో ఆయన కుర్చీని సైకిలు వెనక తాడుతో కడుతుంటే వచ్చి, ముడి లాగి చూసింది.

“ఇంకొక్కటి వేయండి.”

వేశాడు.