ఊపిరి ఆపొద్దన్న సరళ

మొన్న కొత్తగూడ ఫ్లైఓవర్ కింద పంక్చర్ షాపు ముందు మా ఆటో ఆగింది. అక్కడ ఎవరో టైరులో గాలి నింపుతున్నారు. గొట్టం ఊడదీసినప్పుడు ‘స్స్’ మని ఒక చల్లటి గాలి వచ్చి నా పాదాలను తాకింది. వెంటే రబ్బరు వాసన. ఆటో కదిలి ఇంటి ముందు ఆగేదాకా నేను ఆటోలో లేను. నాలుగేళ్ల వెనక్కి, కొండాపూర్‌లో ఒక ఈతకొలను గట్టు మీదికి, మేరీ సరళ పక్కకి వెళ్లిపోయాను.

సరళ స్కూబా నేర్పేది. వీపున గాలి సిలిండరు కట్టుకుని, నోట్లో గొట్టం పెట్టుకుని నీళ్ల అడుగున తిరిగే విద్య అది. నలభై దాటిన మనిషి, పొట్టిగా కత్తిరించిన జుట్టు, ఎండకి కమిలిన ముఖం. ఆమె దగ్గరికి శని, ఆదివారాల్లో మాదాపూర్ ఆఫీసుల పిల్లలు వచ్చేవారు. వాళ్ల మధ్య మా వారు వెళ్లి చేరారు. అప్పటికి ఆయనకు అరవై మూడు. రిటైరయ్యాక ఒకరోజు మా అమ్మాయి ఫోనులో పగడపు దిబ్బల వీడియో చూపిస్తే, “నేనూ వెళ్లి చూస్తాను” అన్నారు. నవ్వి ఊరుకున్నాం. ఆయన ఊరుకోలేదు.

నేను ఆడిట్‌లో పనిచేసినదాన్ని. లెక్క సరిపోయిందంటే చాలదు, ఎలా సరిపోయిందో చూపించాలి. ఇంట్లో మాత్రం అందరూ నాకు ఒకటే మాట చెప్పారు. “ఏం కాదులేవోయ్” అని ఆయన, “ఏం కాదమ్మా” అని అమ్మాయి. విన్న ప్రతిసారీ నా భయం ఒక మెట్టు ఎక్కేది. ఆయన నీళ్లలోకి దిగి మళ్లీ పైకి రాకపోతే నేనేమవుతానన్న ప్రశ్నకు అది జవాబు కాదు కదా. చివరికి ఈ వ్యవహారం ఆపించేద్దామని నేనే కొలను దగ్గరికి వెళ్లాను.

“మా ఆయనకు ఏమీ కాదని నువ్వు రాసిస్తావా అమ్మా?” అని నిలదీశాను.

సరళ తువ్వాలుతో తల తుడుచుకుంటూ, “రాసియ్య ఆంటీ” అంది. “నీళ్లల్ల ఏమైనా కావొచ్చు. ఏమేం అయితయో, అప్పుడు మేం ఏం జేస్తమో చెప్త. కూసోండి.”

కూర్చున్నాను. అలా జవాబు చెప్పిన మనిషి అప్పటిదాకా నాకు ఎదురుపడలేదు.

“సిలిండరులో గాలి అయిపోతే?”

“అయిపోకముందే పైకొస్తం. అయినా అయిపోయిందనుకోండి, నా సిలిండరుకు ఇంకో గొట్టం ఉంటది. సార్ నోట్ల పెడ్త.”

“నీకే ఏమన్నా అయితే?”

“మంచిగడిగిన్రు. అందుకే సముద్రంల ఇంకో మనిషిని తోలుకపోత.”

“ఆయన గుండె?”

“డాక్టర్ సంతకం లేకుంటే నేను కాలు గూడ తడవనియ్య. అయినా మీరు సార్ కన్న ఎక్కువ అడుగుతున్నరు. మిమ్మల్నే చేర్చుకుంటే బాగుండు!”

చిత్రంగా, ప్రమాదాలన్నీ ఒక్కొక్కటే పేరు పెట్టి చెప్పాక నా భయానికి ఒక హద్దు ఏర్పడింది. అప్పుడు నేను కొంచెం గర్వంగా, మేమూ చేతులు కట్టుకుని కూర్చోలేదని చెప్పాను. మా వారు ఏళ్ల తరబడి ప్రాణాయామం చేస్తారు. ఆయన స్కూబా అన్నప్పటి నుంచి రోజూ పొద్దున్నే బాల్కనీలో కూర్చోబెట్టి, గడియారం చూస్తూ ఊపిరి బిగబట్టిస్తున్నాను. ఎంత ఎక్కువసేపు ఆపగలిగితే నీళ్లలో అంత క్షేమమని నా లెక్క.

సరళ ముఖంలో నవ్వు పోయింది. “సార్, జర ఇటు రాండ్రి” అని కొలను అవతలి గట్టు మీదున్న మా వారిని పిలిచింది. “ఇయ్యాల్టి సంది ఆ కుంభకం బంద్. నీళ్లల్ల ఊపిరి ఆపుడే అన్నిటికన్న పెద్ద ప్రమాదం.”

మా వారు నొచ్చుకున్నారు. “అదేమిటమ్మా, అది నా బలం కదా?”

ఆమె సిలిండరు కట్టుకుని, ఒక బెలూన్ తీసుకుని కొలను అడుగుకి దిగింది. అక్కడే దానిలోకి గాలి ఊది, మూతి ముడివేసి వదిలింది. పైకి వస్తున్నకొద్దీ బెలూన్ ఉబ్బింది. ఎవరూ ఊదడం లేదు, దానంతటదే. నీటి పైకి వచ్చేసరికి దాని చర్మం పల్చబడి మెరిసింది. అడుగున నీళ్ల బరువు గాలిని నొక్కి ఉంచుతుందనీ, పైకి వచ్చేకొద్దీ అది విడుదలై వ్యాపిస్తుందనీ చెప్పి, సరళ ఆ బెలూన్‌ని మా వారి రొమ్ముకి ఆనించింది.

“ఊపిరి ఆపి పైకొస్తే లోపల గిట్లనే అయితది సార్. తీస్తా వదుల్తా ఉండాలె. గంతే.”

భద్రత అనుకుని నేను రోజూ ఊపిరి బిగబట్టించిన ఆ రొమ్ము మీదే బెలూన్ మెరుస్తూ నిలబడింది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. “మీరు గూడ ఒకసారి దిగి చూడండి ఆంటీ, సార్ ఎక్కడికి పోతుండో తెలుస్తది” అంది.

తర్వాతి ఆదివారం సల్వార్ కమీజులో, నడుము లోతు నీళ్లలో దిగాను. సరళ నా చెయ్యి వదల్లేదు. నోట్లో గొట్టంతో తల నీటిలో ముంచగానే లోకం చప్పుడంతా ఆగిపోయింది. రోడ్డు లేదు, పిల్లల కేకలు లేవు. మిగిలింది ఒక్కటే: లోపలికి వెళ్తున్న గాలి, బయటికి వస్తున్న గాలి. పుట్టినప్పటి నుంచి నాలో ఒక్క పూట సెలవు తీసుకోకుండా సాగుతున్న పనిని మొదటిసారి చెవులారా విన్నాను. పైకి వచ్చాక సరళ నా భుజాల మీద తువ్వాలు కప్పింది.

ఆ చలికాలం అండమాన్ వెళ్లాం. పడవలో సరళ మా వారి పట్టీలు లాగి చూసింది. ఆమె పట్టీలు ఆయన చూశారు. ఎవరివి వాళ్లు చూసుకోకూడదు, ఎదుటి మనిషే చూడాలి, అది ఆమె నియమం. ఆయన అంచున కూర్చుని నా వైపు తిరిగి, “ఏం కా...” అని ఆగిపోయారు. “ఏదైనా అయితే సరళ చెయ్యి పట్టుకుంటాను. ఊపిరి వదుల్తూ నెమ్మదిగా పైకి వస్తాను” అన్నారు.

“వెళ్లి రండి” అన్నాను. ఆ మాట నా నోటి నుంచి వణకకుండా వచ్చింది.

నీళ్లు ఆయన తల మీద మూసుకున్నాయి. సరళ, ఆమె వెంట తెచ్చిన ఇంకో మనిషి కూడా మునిగారు. కాసేపటికి బుడగలు రావడం మొదలైంది. వెండి గిన్నెలు బోర్లించినట్టు పైకి లేచి, వెడల్పై, విచ్చుకుని, గాలిలో కలిసిపోతున్నాయి. కాస్త ఆగి మళ్లీ. ప్రతి గుత్తీ ఒక ఊపిరి అని సరళ ముందే చెప్పింది. ఇన్నేళ్లు పక్కన ఉన్న మనిషి ఊపిరిని నేను కంటితో చూస్తున్నాను. సముద్రం దాన్ని జాగ్రత్తగా పైకి పంపుతోంది. ఆయన పైకి వచ్చి నెత్తి మీద అరచెయ్యి పెట్టుకుని క్షేమమని సైగ చేసేదాకా నేను భయపడటం మరిచిపోయాను.

సరళ ఇప్పుడు ఆ ద్వీపాల్లోనే ఉంటూ నేర్పుతోంది. మా వారు పొద్దున్న పేపరు చదువుతుంటే, ఆయన చొక్కా మీద గుండీల వరస మెల్లగా లేస్తుంది, దిగుతుంది. కాఫీ చల్లారిపోతున్నా చూస్తూ కూర్చుంటాను.