పోర్ట్ షెప్‌స్టోన్‌లో ఉన్న మా మేనేజర్

ఆ రోజుల్లో టెలిఫోనులో గొంతుకు కూడా రంగుండేది. ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు గాని, రిసీవరు ఎత్తి హలో అన్నామో లేదో, మనం ఏ పేటలో ఉంటామో, మన పొయ్యి మీద ఏ కూర ఉడుకుతోందో అవతలివాళ్ళకు తెలిసిపోయేది. మా బాబాయి ఓవర్‌పోర్ట్ పేటలో కార్పెట్లు కడిగే వ్యాపారం పెట్టిన కొత్తలో, పేపర్లో ప్రకటన చూసి ఫోన్ చేసిన తెల్లవాళ్ళలో సగం మంది ఆయన గొంతు వినగానే మళ్ళీ చేస్తామని పెట్టేసేవారట. ఒకావిడైతే తలుపు తీసి, గుమ్మంలో నీలం ఓవరాల్ వేసుకున్న బాబాయిని, ఆయన వెనక మెషీన్ మోసుకొస్తున్న మలూమేని ఎగాదిగా చూసి, "మీ మేనేజరేడి?" అని అడిగిందట. (మలూమే అంటే ఇక్కడి ఆఫ్రికన్ల జూలూ భాషలో మేనమామ. మొదటి రోజు నుంచీ బాబాయితో పనిచేసిన ఆయన మా ఇంటి పిల్లలందరికీ మేనమామే.) బాబాయి "వెనకాల వస్తున్నాడు మేడం" అన్నాడు. ఆ వెనకాల వస్తున్న దొర పదకొండేళ్ళు గడిచినా రాలేదు. రాకపోగా ఆయనకు మిస్టర్ పెంబర్టన్ అని ఒక పేరు, గుండ్రటి సంతకం, చాలా పెద్దమనిషి తరహా వచ్చాయి. ఆయన్ని ఎవరెప్పుడడిగినా సముద్రం వెంట గంటన్నర ప్రయాణం దూరంలోని పోర్ట్ షెప్‌స్టోన్ బ్రాంచిలో ఉండేవాడు. (మాకు పోర్ట్ షెప్‌స్టోన్‌లో బ్రాంచి లేదు. ఆ మాటకొస్తే మాకున్నది ఒక వ్యాను, రెండు మెషీన్లు. ఆ రెంటిలో ఒకటే తిరిగేది.)

నేను ఆ షాపులో చేరేనాటికి నాకు పంతొమ్మిదేళ్ళు. మా నాన్న ఊళ్ళో చక్కెర మిల్లులో పని, నాకేమో టీచర్ ట్రైనింగులో సీటు కోసం ఎదురుచూపు. ఊరికే కూర్చోవడం ఎందుకని నన్ను బాబాయి ఇంటికి పంపారు. స్కూల్లో ఇంగ్లీషులో అందరికన్నా ఎక్కువ మార్కులు నావే, కనుక నాకు గర్వం ఎక్కువ, పని తక్కువ. (తాతల నాడే చెరుకు తోటల పనికి ఇక్కడికొచ్చిన కుటుంబం మాది, తెలుగు మాత్రం అప్పటికి నాకు ఇంట్లో మాట్లాడే నాలుగు ముక్కలు, తిట్లు, దణ్ణాలు, కూరల పేర్ల వరకే వచ్చు, రాయడం రాదు. ఇప్పుడు మీరు చదువుతున్న ఈ తెలుగు, తర్వాత రాజమండ్రి నుంచి ఇక్కడికి ఉద్యోగానికి వచ్చి నన్ను పెళ్ళి చేసుకున్న మనిషి పెట్టిన భిక్ష. తప్పులుంటే ఆయన్నే అడగండి.) బాబాయి నన్ను టీచరమ్మా అని వెక్కిరిస్తూనే నాకో బల్ల, ఒక ముసలి టైపు మెషీను ఇచ్చి, పెంబర్టన్ దొర ఉత్తరాలన్నీ నా చేతిలో పెట్టాడు.

ఉత్తరాలంటే కంప్లైంట్లకు జవాబులు. కార్పెట్ తడిగా ఉండిపోయిందనో, సోఫా కాలు గీరుకుందనో ఎవరైనా విసుక్కుంటే, దొర పోర్ట్ షెప్‌స్టోన్ నుంచి రాగానే మనవి చేస్తామని చెప్పి, మర్నాడు ఒక ఉత్తరం పోస్టు చేసేదాన్ని. మీ వంటి వారి గృహంలో ఇటువంటి పొరపాటు జరిగినందుకు నేను సిగ్గుపడుతున్నాను, సదరు పనివాణ్ణి తీవ్రంగా మందలించాను, ఇట్లు పెంబర్టన్. అంతే, ఖాతాదారులు చల్లబడిపోయేవారు. మరక మరకలాగే ఉండేది గాని వాళ్ళ మనసు శుభ్రపడేది. ఆ ఏడాదిలో నేను మా బాబాయిని నాలుగుసార్లు మందలించాను, రెండుసార్లు మళ్ళీ పని నేర్చుకురమ్మని పంపాను, ఒకసారి వారం రోజులు పనిలోంచి ఆపేశాను. ఆయన పక్కనే కూర్చుని చాయ్‌లో రస్కు ముంచుకుంటూ, "గట్టిగా రాయే టీచరమ్మా, ఆ పనోడు ఒట్టి ఎదవ" అనేవాడు.

ఇలా సాగుతుండగా పియానో మేడం కేసు వచ్చింది. రెడ్‌హిల్ పేట అవతల ఒక్కతే ఉండే ముసలావిడ, భర్త పోయాడు, హాల్లో పెద్ద పియానో. దాని స్టూలు కింద ఎప్పటిదో టీ మరక. బాబాయి కడిగితే పోయింది, మూడో రోజుకు మళ్ళీ వచ్చింది. (ఇది మా వృత్తిలో మామూలే. తడి ఎక్కువైతే అడుగున దాక్కున్న మరక ఆరేకొద్దీ పైకి వస్తుంది.) ఆవిడ ఉత్తరం రాసింది, దొర సిగ్గుపడ్డాడు. మళ్ళీ రాసింది, దొర మరింత సిగ్గుపడ్డాడు. మూడో ఉత్తరం వచ్చిన రోజున నేనే చిరాకులో ఉన్నాను. స్నేహితురాళ్ళందరూ కలిసి, ఇదివరకు తెల్లవాళ్ళను తప్ప మమ్మల్ని అడుగు పెట్టనివ్వని బీచికి వెళ్తుంటే బాబాయి నన్ను పంపలేదు. నల్లవాళ్ళతో సహా అందరికీ ఓటు వచ్చిన మొదటి ఎన్నికలు మూడు వారాల్లో ఉన్నాయి, ఊళ్ళో ఏ మూల ఏం జరుగుతుందోనని ఆయన భయం. "సముద్రం ఎక్కడికీ పోదే, ఎలక్షన్ అయినాక ఎల్దువు గాని" అన్నాడు. నేను పళ్ళు నూరుకుంటూ టైపు మెషీను ముందు కూర్చుని, ఇందుకు బాధ్యుడైన వ్యక్తిని నేటి నుంచి ఉద్యోగంలోంచి తొలగించడమైనది అని కొట్టి, దొర సంతకం ఎప్పటికన్నా గుండ్రంగా పెట్టాను. పొద్దున నన్ను ఆపిన మనిషిని మధ్యాహ్నానికి ఇంటికి పంపేశాను. కడుపు చల్లబడింది. నా ఇంగ్లీషు మీద నమ్మకం కొద్దీ బాబాయి చదవకుండానే కవరు నాలికతో తడిపి అంటించాడు.

వారం తిరక్కుండా ఆవిడ షాపుకే వచ్చింది. టోపీ, చేతిసంచీ, చంకలో ఒక బిస్కెట్ల డబ్బా. మిస్టర్ పెంబర్టన్‌ని చూడాలంది. పోర్ట్ షెప్‌స్టోన్‌లో ఉన్నారని అలవాటుగా చెప్పాను. "అయితే వచ్చేదాకా కూర్చుంటాను" అని ఉన్న ఒక్క కుర్చీలో కూర్చుంది.

కాసేపటికి ఆవిడే మొదలుపెట్టింది. "నేను మరక గురించి రాశాను గాని మనిషి గురించి రాయలేదమ్మా. ఆయన నా గుమ్మం దగ్గర బూట్లు విప్పి లోపలికి వచ్చాడు. ముప్పై ఏళ్ళలో నా ఇంట్లో ఏ పనివాడూ అలా రాలేదు. పియానో జరిపేముందు, జరపవచ్చా అని నన్నడిగాడు. అలాంటి మనిషి నా మూలాన వీధిన పడ్డాడంటే నాకు అన్నం సయించడం లేదు. ఈ రోజుల్లో, ఆ వయసులో, ఆయనకు ఎవరు పనిస్తారు? పిల్లలున్నారా?"

"ముగ్గురండీ" అన్నాను. ఆ రోజు నా నోటివెంట వచ్చిన మొదటి నిజం అదే. ఆవిడ కళ్ళు తుడుచుకుని, గొంతు గట్టి చేసుకుంది. చర్చిలో పూలు అమర్చే ఆడవాళ్ళకూ, పచ్చికలో బంతులాడే తన బౌల్స్ క్లబ్బు వాళ్ళకూ మా షాపు పేరు చెప్పింది తనేనట. ఆయన్ని తిరిగి చేర్చుకునేదాకా అందులో ఒక్కరు కూడా మమ్మల్ని పిలవకుండా చూస్తానంది. మా ఖాతాదారుల్లో సగం మంది ఆ క్లబ్బు వాళ్ళే. యజమానిని ఉద్యోగంలోంచి తీసేసినందుకు యజమాని షాపు మూతపడేలా ఉంది.

సరిగ్గా అప్పుడే మా పిన్ని వచ్చింది. ఎన్నికల ముందు ఊరంతా వెర్రెత్తినట్టు సరుకులు కొనేవారు, మళ్ళీ దుకాణాలు తెరుస్తారో లేదోనని. పిన్ని రెండు చేతుల్లో రెండు సంచులు, నిండా కొవ్వొత్తులు, చిక్కుడు గింజల డబ్బాలు. దానికి తోడు ఇంటి పనిలోంచి లేచి వచ్చిన పాత గౌను, తలకు గుడ్డ. మీరెవరని మేడం అడిగితే, పిన్ని ఎప్పుడూ చెప్పేదే చెప్పింది, "కార్పెట్లు కడిగే ఆయన భార్యనండీ" అని. మేడం చటుక్కున లేచి సంచులతో సహా పిన్ని చేతులు పట్టేసుకుంది. "మీరు కూడా దొరను అడుక్కోవడానికే వచ్చారా? ఈ డబ్బాలు ఎవరైనా దానమిచ్చారా?" అంటూ ఏడ్చింది. మా పిన్నికి ఒక గుణం ఉంది. ఎదుటివాళ్ళు ఏడిస్తే తనూ ఏడుస్తుంది, ఎందుకో తర్వాత కనుక్కుంటుంది. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడి ఏడుస్తుంటే నేను తెర తోసుకుని వెనక గదిలోకి పరుగెత్తాను.

అక్కడ బాబాయి, మలూమే నేల మీద కూర్చుని బ్రష్షులు కడుగుతున్నారు.

"బాబాయ్, పియానో మేడం వచ్చింది. పెంబర్టన్ కావాలంట."

"పోర్ట్ షెప్‌స్టోన్ అని సెప్పు."

"సెప్పినాను. పోదంట. నీ ఉద్యోగం కోసం ఏడస్తా ఉంది."

"నా ఉద్యోగం ఆవిడకెందుకే?"

"ఆవిడకి కాదు, నీకే ఇప్పించాలంట. నిన్ను నేను తీసేసినాను. లాస్ట్ వీక్."

బాబాయి బ్రష్షు పట్టుకుని అలాగే నా మొహంలోకి చూశాడు. పదకొండేళ్ళుగా మా మాటలు వింటున్న మలూమేకి కావలసినంత తెలుగు వచ్చు. "హావ్" అని, ఓవరాల్ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు కదిలేలా నవ్వాడు. "పిన్ని కూడా ఏడస్తంది" అన్నాను. "పిన్ని అడుక్కోను వచ్చిందనుకుంది ఆవిడ. డబ్బాలు చూసి, దానం అనుకుంది."

ఆ మాటకు బాబాయి లేచాడు. ఒట్టి కాళ్ళతో, మోచేతుల దాకా నురగతో తెర తీసి బయటికి వచ్చాడు. ఆయన్ని చూడగానే మేడం మొహం వెలిగింది. "మిస్టర్ పెంబర్టన్ మిమ్మల్ని తిరిగి తీసుకున్నారా?" అంది.

ఇంతకన్నా సులువైన దారి ఉండదు. ఒక్క 'అవును మేడం' చాలు. ఆవిడ సంతోషిస్తుంది, క్లబ్బు నిలుస్తుంది, దొర ఇంకో పదకొండేళ్ళు పోర్ట్ షెప్‌స్టోన్‌లో హాయిగా ఉంటాడు. ఆవిడ వెనక నిలబడి నేను మెడ నొప్పి పుట్టేలా తల ఊపుతున్నాను. బాబాయి నా వైపు చూడలేదు. తలగుడ్డ జారి, సంచులు వదలకుండా ఏడుస్తున్న పిన్ని వైపు చూశాడు.

"లేదు మేడం" అన్నాడు, తనకొచ్చిన ఇంగ్లీషులోనే, తన గొంతుతోనే. "పెంబర్టన్ లేడు. ఎప్పుడూ లేడు. ఈ షాపు నాది. ఈవిడ నా భార్య, ఆ డబ్బాలు మా ఇంటి సామాను. మీ మరక పోకపోవడం కూడా నా తప్పే."

ఆవిడ మెల్లగా కుర్చీలో కూర్చుని, సంచీ తెరిచి, రిబ్బను చుట్టిన మూడు ఉత్తరాలు బయటికి తీసింది. "మరి ఇవి రాసిందెవరు?" అంది. బాబాయి, పిన్ని, తెర పక్క నుంచి మలూమే, అందరూ నా వైపే తిరిగారు. నేల చీలితే దూకేద్దామనుకున్నాను.

"మా ఆయన పోయాక నాకు ఇంత మర్యాదగా ఎవరూ ఉత్తరాలు రాయలేదు" అంది ఆవిడ నాతో. "మిస్టర్ పెంబర్టన్ అంటే నాకు ఇష్టంగా ఉండేది." అంతే అంది. తిట్టి ఉంటే బాగుండేది. ఆ రోజు నాకు కలిగినంత సిగ్గు, పెంబర్టన్ దొర అన్ని ఉత్తరాల్లో పడినదంతా కలిపినా ఉండదు.

ఆవిడ లేచి, బిస్కెట్ల డబ్బా చంకన పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళింది. ఉద్యోగం పోయినవాడి కోసం తెచ్చిన డబ్బా కదా, తీసుకెళ్ళిపోతోంది కాబోలు అనుకున్నాం. గుమ్మంలో ఆగి, "పిల్లలు ముగ్గురన్నది నిజమేనా?" అంది. నిజమేనని పిన్ని గబగబా తలూపింది. వెనక్కి వచ్చి డబ్బా పిన్ని సంచిలో, చిక్కుడు గింజల మీద పెట్టింది. "సోమవారం ఎవరినైనా పంపండి. ఈసారి యజమానినే పంపండి" అని వెళ్ళిపోయింది.

ఎందుకలా చెప్పేశావని సాయంత్రం బాబాయిని అడిగాను. "నా షాపులో నా ఆడమనిషిని అడుక్కునేదనుకుందే" అన్నాడు. "ఆ దొరని నేనే గద కూసోబెట్టినాను అక్కడ." నాకు ఏడుపొచ్చింది. ఆయన మీద అంత ప్రేమ నాకు అంతకుముందు ఎప్పుడూ కలగలేదు.

ఎన్నికలు అయ్యేలోపే బాబాయి తలుపు మీద తన పేరు రాయించాడు, ఇంటిపేరుతో సహా. మన ఇంటిపేర్ల సంగతి తెలిసిందే గదా, సగం తలుపు మీద పట్టక పక్క గోడ మీదికి పోయింది. కొందరు ఖాతాదారులు మానేశారు, క్లబ్బు వాళ్ళు మాత్రం మానలేదు. అసలు కష్టం కంప్లైంట్లు వచ్చినప్పుడే. దొర ఉన్నన్నాళ్ళూ ఒక ఉత్తరంతో పోయిన మరక, ఇప్పుడు బాబాయి మోకాళ్ళ మీద కూర్చుని పొడిగుడ్డతో అద్దితే గాని పోయేది కాదు. ఫోన్ తనే ఎత్తి, "ఓనర్‌ని మాట్లాడుతున్నా, నేనే వచ్చి చూస్తా" అనేవాడు. ఆ మాట అనడం కోసమే కంప్లైంట్లు రావాలని కోరుకునేవాడేమో అని నా అనుమానం. పియానో మేడం మరక మూడో ప్రయత్నానికి పోయింది. నాకూ తర్వాత సీటు వచ్చింది, కొన్నేళ్ళు పాఠాలు చెప్పాను, చివరికి ఆ షాపులో ఆ బల్ల దగ్గరికే తిరిగొచ్చాను.

ఇప్పుడు బాబాయి మోకాళ్ళు పనికి రాక కూతురి దగ్గర ఉంటున్నాడు. నమ్మండి నమ్మకపోండి, కూతురుండేది పోర్ట్ షెప్‌స్టోన్‌లో. ఎవరైనా కోపంగా ఫోన్ చేసి ఓనర్ ఎక్కడని అడిగితే, పోర్ట్ షెప్‌స్టోన్‌లో ఉన్నారండీ అని చెబుతాను. నిజమే చెబుతున్నా అబద్ధం ఆడినట్టే నాలిక తడబడుతుంది.

రోజూ సాయంత్రం ఆయన ఫోన్ చేసి అడిగేది ఒకటే. "ఏమే టీచరమ్మా, ఎవురైనా కంప్లైంట్ ఇచ్చినారా?" ఈమధ్య కొత్త మెషీన్లు బాగా పనిచేస్తున్నాయి, కంప్లైంట్లు దాదాపు లేవు. ఎవరూ ఇవ్వలేదు బాబాయ్ అన్న రోజున అవతల గొంతు చిన్నబోతుంది. అందుకని ఉత్తరాల్లో లేనివి కల్పించిన పాత అలవాటు నాకు మళ్ళీ పనికొచ్చింది. నిన్న కూడా, రెడ్‌హిల్‌లో ఒకావిడ ఉందని, టీ మరక మళ్ళీ తేలిందని, ఓనరే రావాలని గొడవ చేస్తోందని చెప్పాను.

"నేనే వచ్చి సూస్తానని సెప్పు" అన్నాడు బాబాయి, ఎనభై దగ్గర పడుతున్న గొంతుతో, ఎంతో హుషారుగా.

సెప్తాను బాబాయ్ అన్నాను.