ముందు భోజనం, తర్వాత కబురు

మొన్న మా డెస్కులో కొత్తగా చేరిన అమ్మాయి ఒక బస్సు ప్రమాదం వార్త రాసి తెచ్చింది. మొదటి పేరాలో పొగమంచు, రెండో పేరాలో ఆ బస్సు ఎక్కడ బయల్దేరి ఎక్కడ టీకి ఆగిందీ, మూడో పేరాలో డ్రైవరు ఎంత మంచివాడో. పాపం, ఐదో పేరా వచ్చేదాకా ఎవరూ పోలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు కిసుక్కుమన్నారు. నేను మాత్రం నవ్వలేదు. పద్దెనిమిదేళ్ళ వయసులో నేను రాసిన వార్తల్లో ఎవరైనా పోవాలంటే ఆఖరి వాక్యం దాకా ఆగాల్సి వచ్చేది మరి. ఆ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ సంగతంతా చెప్పబోయాను గానీ, పేజీలు ప్రెస్సుకు వెళ్ళే వేళ కావడంతో కుదరలేదు. అప్పుడు చెప్పలేనిది ఇప్పుడు తీరిగ్గా చెబుతున్నాను.

తొంభైల నాటి మాట. నాన్న బహ్రెయిన్‌లో, సిత్రాలో ఒక కాంట్రాక్టు కంపెనీ లేబర్ క్యాంపుకి ఇన్‌ఛార్జి. క్యాంపు గేటు పక్కనే కంపెనీ ఇచ్చిన రెండు గదుల ఇల్లు మాది. కిటికీ తీస్తే ఆయిల్ ట్యాంకులు, గాలి ఇటు తిరిగితే గ్యాసు వాసన. అమ్మ ఇంగువ పోపు వేసినప్పుడు మాత్రం ఆ వాసన కాసేపు ఓడిపోయేది. నేను ఇండియన్ స్కూల్లో సైన్సుతో పన్నెండో తరగతి గట్టెక్కాను. ఎక్కానంటే ఎక్కాను, అంతే. అందరూ ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదవమన్నారు. నాకేమో పేపర్లో రాయాలని. ఊరి నుంచి ఆవకాయ జాడీలకు చుట్టుకుని వచ్చిన పాత తెలుగు పేపర్లను నూనె మరకలతో సహా చదివేసే పిల్లని నేను. రాజధాని మనామాలో ఒక కాలేజీలో జర్నలిజం, మీడియా చదువు ఉందని తెలిసి వెళ్ళి అడిగితే, సైన్సు పిల్లలకు నేరుగా సీటివ్వం, ముందు ఒక ఏడాది ఫౌండేషన్ కోర్సు చెయ్యాలి, అది పాసైతేనే యూనివర్సిటీ డిగ్రీలోకి తీసుకుంటాం అన్నారు. నాన్న ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. ఫౌండేషన్ తప్పితే మారుమాట్లాడకుండా కాకినాడ వెళ్ళి, మేనమామ ఇంట్లో ఉండి బీకాం చదవాలి. తప్పితే కదా అన్నాను. అప్పట్లో నా ధీమా అలా ఉండేది. ఇప్పుడూ పెద్దగా తగ్గలేదనుకోండి.

మా అమ్మాయి ఫౌండేషన్ చదువుతోందని నాన్న క్యాంపంతా చెప్పుకున్నాడు. ఇక మేస్త్రీలందరూ నేను ఇళ్ళు కట్టే ఇంజనీరునవుతున్నానని ఖాయం చేసేసుకున్నారు. కోనసీమ నుంచి వచ్చిన వెల్డర్ ఒకాయన ఉండేవాడు, నేను అన్నయ్యా అని పిలిచేదాన్ని. ఆయనకు అసలు సంగతి తెలుసు, అయినా కనిపించినప్పుడల్లా పునాది ఎంతవరకు లేచిందమ్మా అని ఆటపట్టించేవాడు. పునాది బొత్తిగా లేవడం లేదని ఆయనకెలా చెప్పను? మా వార్తారచన మాస్టారు లండన్ పేపర్లలో తలపండిన మనిషి. పండటమే కాదు, చాలావరకు ఊడిపోయింది కూడా. ఆయన చెప్పేది ఒక్కటే. చదివేవాడు బస్సు కోసం పరిగెడుతున్నాడు, వాడి చెవిన ఒక్క వాక్యమే వెయ్యగలవు, అసలు సంగతి అందులో ఉండాలి. నాతో చదివే బహ్రెయినీ అమ్మాయిలు ఆ కిటుకు వారంలో పట్టేశారు. నేనేమో గోదాము తగలబడిన వార్త రాయమంటే, సల్మాబాద్‌లో గోదాములెలా ఉంటాయో, ఆ రోజు ఎండ ఎలా కాసిందో, కాపలా మనిషి మధ్యాహ్నం ఏం తిన్నాడో అన్నీ రాసి చిట్టచివర నిప్పంటించేదాన్ని. మాస్టారు నా కాగితం మీద వార్త మొదలైన చోట పెన్సిలుతో ఒక అడ్డగీత గీసేవారు. ఆ గీత ఎప్పుడూ పేజీ అడుగునే ఉండేది. పైనున్నదంతా దేనికని అడిగేవారు. దేనికంటే, మా ఇంట్లో కబురు అలాగే చెబుతారు కాబట్టి.

అది కూడా చెప్పాలి. అప్పట్లో క్యాంపులో ఎవరికీ ఫోన్లు లేవు. అందరూ ఇళ్ళలో మా నంబరే ఇచ్చి వచ్చేవాళ్ళు. గోదావరి జిల్లాల్లో ఏ ఇంట్లో ఏ చెడు జరిగినా ముందు మా ఇంట్లో ఫోన్ మోగేది. నాన్న దానికో పద్ధతి పెట్టుకున్నాడు. ఖాళీ కడుపుతో ఉన్న మనిషికి చెడ్డ కబురు చెప్పడు. ఆ మనిషిని మధ్యాహ్నం భోజనానికి పిలుస్తాడు. ఫలానా ఆయన వస్తున్నాడని నాన్న అంటే చాలు, అమ్మ ఇంకేమీ అడగకుండా పెద్ద గిన్నెలో పప్పు పెట్టేది. వచ్చినాయన తిన్నంతసేపూ నాన్న ఊళ్ళో వానల గురించీ, ఓవర్‌టైం గురించీ మాట్లాడతాడు. పెరుగన్నం అయ్యి, చెయ్యి కడుక్కుని, తువ్వాలు తిరిగిచ్చాక, అప్పుడు భుజం మీద చెయ్యి వేస్తాడు. ఒకసారి చెప్పాక మూడ్రోజులు ముద్ద దిగదు కదా, అందుకని ముందు తిననివ్వాలి అనేవాడు. చిన్నప్పటి నుంచీ చూసింది కనుక నాకూ అదే మర్యాదనిపించేది. చిక్కల్లా ఏమిటంటే, కొన్నేళ్ళకు ఈ పద్ధతి క్యాంపులో అందరికీ తెలిసిపోయింది. ఇక మా ఇంటి భోజనం పిలుపే చావు కబురై కూర్చుంది. నేను పన్నెండో తరగతి పాసైన సంతోషంలో నాన్న ఒక ఫోర్‌మన్ గారిని శుక్రవారం భోజనానికి రమ్మన్నాడు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి, గుమ్మంలో చెప్పులు విప్పుతూనే భోరుమన్నాడు. పోయింది మా అమ్మా, మా నాన్నా, ఎవరండీ, చెప్పెయ్యండి అంటూ నాన్న చేతులు పట్టేసుకున్నాడు. మా పిల్ల పాసైందండీ బాబూ అని గులాబ్‌జామ్ గిన్నె చూపించినా నమ్మడే! పెరుగన్నం దాకా ఒక్కో ముద్దా బిక్కుబిక్కుమంటూ మింగాడు. చెయ్యి కడుక్కున్నాక కూడా నాన్న ఏమీ చెప్పకపోయేసరికి అప్పుడు నమ్మకం కుదిరి, మళ్ళీ కూర్చుని గులాబ్‌జామ్‌లు అడిగి మరీ వేయించుకున్నాడు. అది మొదలు మా ఇంటి భోజనానికి ఎవరూ మనస్ఫూర్తిగా వచ్చిన పాపాన పోలేదు.

ఇలాంటి ఇంట్లో పెరిగి, అసలు సంగతి మొదటి వాక్యంలో చెప్పమంటే చెయ్యి ఎలా వస్తుంది? ఏడాది చివరికొచ్చింది. ఆఖరి పరీక్ష ఏమిటంటే, కళ్ళారా చూసినదేదైనా రాసి ముగ్గురు మాస్టర్ల ముందు చదవాలి. డిగ్రీ సీటు దాని మీదే ఉంది. నేను కర్జకాన్‌లో ఖర్జూరం తోటల గురించి రాశాను. నీళ్ళ కాలువలు, గాడిద మీద పచ్చగడ్డి మోపులు, అన్నీ దిట్టంగా దట్టించాను. మాస్టారు ముందుగా ఒకసారి చదివి, చాలా బాగుంది, ఇంతకీ ఏం జరిగింది అని అడిగారు. ఏమీ జరగలేదు. ఖర్జూరాలు పండాయి. శనివారం ఇదే చదివితే పాస్ చెయ్యలేనని మొహమాటం లేకుండా చెప్పేశారు. సరిగ్గా అదే వారం కాకినాడ నుంచి అత్తయ్య ఫోన్ చేసి, నీ గదికి సున్నం వేయించామే అని సంబరంగా చెప్పింది. మొదటిసారి నా ధీమాకు చెమటలు పట్టాయి.

గురువారం పొద్దున నేను ఆ తోటలను పట్టుకుని కుస్తీ పడుతుంటే ఫోన్ మోగింది. వెల్డర్ అన్నయ్య తమ్ముడు. వాళ్ళ నాన్నకు పక్షవాతం వచ్చింది, మాట పడిపోయింది, పెద్దకొడుకు కావాలని సైగలు చేస్తున్నాడు, డాక్టరు ఏ సంగతీ చెప్పలేనన్నాడు. అన్నీ చెప్పి చివర్లో ఆ తమ్ముడు కూడా, మా అన్నయ్య ఏదైనా తిన్నాక నెమ్మదిగా చెప్పమనండి మీ నాన్నగారిని, అన్నాడు. టీ కోసం ఇంటికొచ్చిన నాన్నకు చెప్పాను. నాన్న కప్పు కింద పెట్టి, మధ్యాహ్నం తీసుకొస్తానని అమ్మతో అన్నాడు. అమ్మ లేచి పప్పు డబ్బా తీసింది. అప్పుడు వెలిగింది నాకు. గురువారం కంపెనీ ఆఫీసు పన్నెండింటికే మూసేస్తారు. అందరి పాస్‌పోర్టులూ అందులోనే ఉంటాయి. శుక్రవారం సెలవు కనుక, భోజనం అయ్యాక చెబితే ఆ పాస్‌పోర్టు బయటికొచ్చేది శనివారమే. బొంబాయి విమానం సాయంత్రం ఉంది.

"నాన్నా, ఇప్పుడే చెప్పాలి" అన్నాను.

"ఖాళీ కడుపుతో నిలబెట్టి చెప్పమంటావేంటే? కుప్పకూలిపోతాడు."

"కూలితే మనం పట్టుకుందాం. తిన్నాక చెబితే మాత్రం మనమేం చెయ్యలేం."

నాన్న గోడ గడియారం వైపు చూశాడు. తర్వాత పికప్ వ్యాను తాళాలు తీసుకుని, నా వల్ల కాదు, నువ్వే చెప్పు అన్నాడు. అంత పెద్ద మనిషి, అన్నేళ్ళుగా ఎంతోమందికి కబురు చెప్పినవాడు, ఆ మాట అంటే ఇక నేనెంత అనిపించింది. అయినా వెళ్ళాను. వర్క్‌షాపు దాకా అయిదు నిమిషాల దారి. ఆ అయిదు నిమిషాలూ నా బుర్రలో మొదటి వాక్యం కోసం వెతుకులాటే. పక్షవాతం అని మొదలుపెట్టాలా? మాట పడిపోయిందనా? మీ తమ్ముడు ఫోన్ చేశాడనా? ఏది ముందు పెట్టినా ఆ తర్వాతి మాట వినబడేలోపు ఆయన గుండె ఆగిపోతుందనిపించింది. మాస్టారు ఏడాదంతా మొత్తుకున్నది అప్పుడు, ఆ పికప్‌లో, ఎండకు కాలుతున్న సీటు మీద తలకెక్కింది. ముందు చెప్పాల్సింది అన్నిటికన్నా పెద్ద సంగతి కాదు. వినే మనిషికి అన్నిటికన్నా ముందు కావలసిన సంగతి.

భోజనానికి పిలవలేదు కనుక వెల్డర్ అన్నయ్యకు అనుమానమే రాలేదు. మాస్కు పైకెత్తి, నవ్వుతూ, పునాది గురించి ఏదో అనబోయాడు.

"అన్నయ్యా, మీ నాన్నగారు బతికే ఉన్నారు" అన్నాను. "పక్షవాతం వచ్చింది. మాట పడిపోయింది. మిమ్మల్ని చూడాలని సైగలు చేస్తున్నారు. ఇప్పుడే ఆఫీసుకెళ్తే సాయంత్రం విమానం అందుతుంది."

ఆయన కూలలేదు. గ్లవ్స్ తీసి బల్ల మీద ఒకదాని పక్కన ఒకటి పెట్టాడు.

"బతికున్నాడు కదమ్మా?"

"ఉన్నారు."

"పదండయితే."

మేం వెళ్ళేసరికి ఆఫీసులో మలయాళీ క్లర్కు తాళం చెవులు ఆడిస్తూ, ఖలాస్, శనివారం రండి అన్నాడు. అప్పటిదాకా నా వెనకే నిలబడ్డ మా నాన్న ఒక్కసారిగా పాత నాన్న అయిపోయాడు. యల్లా భాయ్, తలుపు తియ్, అని ఆయన అన్న తీరుకు ఆ క్లర్కు బీరువా కూడా తీశాడు. టికెట్టూ సామానూ సర్దుకుని ఎయిర్‌పోర్టుకు బయల్దేరే ముందు ఇంటి దగ్గర ఆగాం. మనిషిని తిననివ్వకుండా తరిమేస్తున్నావని అమ్మ నన్ను కడిగిపారేసింది. పప్పయితే ఒలికిపోతుందని అప్పటికప్పుడు పులిహోర కలిపి డబ్బాలో పెట్టింది. సిత్రా వంతెన మీద పికప్ వెళుతుంటే ఆయన ఆ డబ్బా తెరిచి, ఏడుస్తూ, మెతుకు మిగల్చకుండా తిన్నాడు. నేను తల తిప్పుకుని సముద్రం చూస్తూ కూర్చున్నాను.

శుక్రవారమంతా కూర్చుని కొత్తగా రాశాను. ఆయన పేరు రాయలేదు, ఊరు రాయలేదు. శనివారం ముగ్గురు మాస్టర్ల ముందు నిలబడి మొదటి వాక్యం చదివాను. సిత్రాలో మా ఇంటికి ఎవరినైనా భోజనానికి పిలిస్తే వాళ్ళింట్లో ఎవరో పోయారని అర్థం. ఒకాయన ఫక్కున నవ్వి, అంతలోనే నవ్వు ఆపేశాడు. చదవడం అయిపోయాక మా మాస్టారు, ముగింపు లేదేమిటని అడిగారు. ఇంకా జరగలేదండీ, ఆయన ఇప్పుడు రైల్లో ఉన్నాడు, అన్నాను. మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, పెన్సిలు జేబులో పెట్టేసుకున్నారు. నాకు అప్పుడే తెలుసు, కాకినాడలో ఆ గదికి వేసిన సున్నం వృథా అని.

సోమవారం భోజనాల వేళ ఫోన్ వచ్చింది. నాన్న ఎత్తాడు. అటు వెల్డర్ అన్నయ్యే. వాళ్ళ నాన్న గుర్తుపట్టాడట, పట్టుకున్న చెయ్యి వదలడం లేదట. ఆ పెద్దాయన ఆ నెల దాటలేదు గానీ, పోయింది మాత్రం కొడుకు చేతుల్లోనే. ఆ రోజు ఫోన్ పెట్టేసి నాన్న కంచం ముందు కూర్చున్నాడు. ముద్ద కలిపి, తినకుండానే అన్నాడు.

"ఇన్నేళ్ళూ భోజనం పెట్టిన ఆ గంట కాలం వాళ్ళకిస్తున్నాననుకున్నానే. చెప్పే ధైర్యం చాలక నేనే తీసుకున్నానేమో."

"వాళ్ళూ కడుపునిండా తిన్నారుగా, అదీ అబద్ధం కాదు" అంది అమ్మ, నెయ్యి వేస్తూ.

ఇద్దరూ నిజమే చెప్పారు. ఆ తర్వాత నేను డిగ్రీ చేశాను, ఇరవై ఏళ్ళకు పైగా పేపర్లలో ఉన్నాను, ఎన్నో ఇళ్ళ గుమ్మాల్లో నిలబడి ఎన్నో కబుర్లు చెప్పాను, ఇంకెన్నో అడిగాను. ఎక్కడ నిలబడ్డా నాన్న అన్న ఆ గంటే గుర్తొస్తుంది. కబురు మన నోట్లో ఉండొచ్చు గానీ, అది చెప్పేదాకా గడిచే కాలం మాత్రం మనది కాదు, ఎదుటి మనిషిది.