పలకల పద్దు

ఆ రోజుల్లో సర్కారు సొమ్ముకు కూడా కులం ఉండేదంటే మీరు నవ్వుతారు. రోడ్ల పద్దులో పుట్టిన రూపాయి రోడ్ల పద్దులోనే చావాలి. బావుల పద్దు రూపాయితో దానికి కంచం పొత్తూ లేదు, మంచం పొత్తూ లేదు. (పెద్దలు తలచుకుంటే మాత్రం ఒక్క పూటలో పెళ్లి జరిగిపోయేది. ఆ పెళ్లికి తీర్మానం అని పేరు.)

లక్సెట్టిపేట వైపు ఒక పంచాయతీ సమితి ఆఫీసులో నేను కొత్తగా చేరిన గుమాస్తాను. ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే బీరువా చాటుకు పోయే పిరికిపిల్లను. ఆ ఏడు ఆడవాళ్ల సాయంత్రపు బడికి పలకలు, పుస్తకాలు కొనడానికి కొంత సొమ్ము కేటాయించారు. పుస్తకాల జాబితా రాసింది నేనే (నేను చదవాలనుకున్న నవలలు రెండు అందులో దూర్చిన మాట ఇప్పుడు ఒప్పుకుంటే ఎవరూ జీతం కోయరు). ఇంతలో మంత్రిగారు వస్తున్నారని కబురొచ్చింది. సమితి అధ్యక్షులవారికి పందిరి, స్వాగత ద్వారాలు కావాలి. స్వాగతాల పద్దు అప్పటికే ఖాళీ. పలకల సొమ్మును పందిరికి మారుస్తూ తీర్మానం తయారైంది. అయితే ఆడవాళ్ల పద్దులోంచి పైసా కదలాలన్నా మహిళా సభ్యురాలి ఒప్పుదల ఉండాలి.

ఆ సభ్యురాలిని ఆఫీసులో ఎవరూ చూసి ఎరగరు. ఆమె కుర్చీలో ఆమె భర్త కూర్చునేవాడు. ఆమె చాయ్ కూడా ఆయనే తాగేవాడు. వేలిముద్ర మాత్రం ఇంటికి పోయి తెచ్చేవారు. ఈసారి పెద్ద గుమాస్తా నన్ను పంపాడు.

"జల్ది పోయి ఏలుముద్ర ఏపిచ్చుకొని రా బిడ్డా. గంతే పని, ఫికర్ చెయ్యకు."

కాగితం అడుగున 'చదివి వినిపించి వేయించిన వేలిముద్ర' అని ఉంది. అచ్చులో ఉన్న మాటను అబద్ధం చేస్తే జైల్లో పెడతారని నా నమ్మకం. ఆమె వాకిట్లో బీడీలు చుడుతోంది. ఎదురుగా కూర్చుని మొత్తం చదివాను.

"మల్ల సదువు," అంది. చదివాను. చేతిలో ఆకు పక్కన పెట్టింది.

"అంటే, మా పలకల పైసలు పందిరికి పోతున్నయా? నేను ఒప్పుకున్నట్టా?"

"అట్లనే రాసిండ్రు, పెద్దమ్మా."

"మూడేండ్ల సంది ఏలు వెడుతున్న. ఒక్కడన్న సదివి ఇనిపియ్యలే. నువ్వు ఎవ్వలి పిల్లవే?"

వేలిముద్ర పడలేదు. మర్నాడు సమావేశానికి ఆమే వచ్చి భర్త ముందు నిలబడింది. "లే. గది నా కుర్సీ." ఆయన లేచి, ఎటు పోవాలో తెలియక గోడకు ఆనుకున్నాడు.

అధ్యక్షులవారు నవ్వు తెచ్చుకుని, "మంత్రిగారు వస్తున్రు చెల్లె. ఊరి ఇజ్జత్ సంగతి, జర సమజ్ చేసుకో," అన్నారు.

"మీ మామిడి తోటల నీడ లేదా దొరా? మా పలకలే దొరికినయా నీడకు?"

ఎవరో కిసుక్కున నవ్వారు. తీర్మానం మూలన పడింది. మంత్రిగారు మామిడి తోటలోనే మాట్లాడారు. ఎర్రచీమల పుణ్యాన ఉపన్యాసం పది నిమిషాల్లో ముగిసింది (ఆ ఏడు మా సమితి ప్రజలకు చేసిన మహోపకారం అదొక్కటే).

పలకలు వచ్చాయి. నా మీద చర్య తీసుకోవాలని చూశారు గాని, రాసి ఉన్నట్టు చేసినందుకు ఏ శిక్ష వేయాలో ఏ నియమంలోనూ దొరకలేదు. ఆ తరువాత వేలిముద్రలకు నన్ను పంపడం మాని, చదువురాని జవానును పంపసాగారు.

'దొరను ఎదిరించిన పిల్ల' అని అక్కడ ఇప్పటికీ నన్ను చెప్పుకుంటారట. ఆనాటి నా డైరీలో మాత్రం, 'నౌకరి పోతదేమో, బాపుకు ఎట్ల చెప్పాలె?' అని ఒక్క ముక్క ఉంది. ఇప్పుడు నేనూ పెద్ద కుర్చీకి వచ్చాను. రోజూ ఎన్నో కాగితాల మీద, చదవకుండానే, ధైర్యంగా సంతకాలు పెడుతున్నాను. అంతటి పిరికిపిల్ల ఒక్కతె మా ఆఫీసులో ఉంటే బాగుండుననిపిస్తుంది.