పద్మ చూడకుండా తెచ్చిన గుడ్డ

ఆ రోజు పొద్దున్నే మా ఆవిడ పద్మ బకెట్లో గుడ్డ నానబెట్టింది. తను ఇంట్లోనే పసిపిల్లలకు రాత్రి బట్టలు కుట్టి అమ్మేది. ఏ గుడ్డనైనా ఒకసారి ఉతికాకే కత్తెర పెట్టేది. పది గంటలకు గుండెల్లో పట్టేసినట్టుందంది. కారులో నూజివీడు ఆసుపత్రికి తీసుకెళ్తుంటే, "గుడ్డ బకెట్లోనే ఉందండీ. తోటలో మందు కొడుతున్నారు, బయట ఆరేయకండి" అంది. మధ్యాహ్నానికి మనిషి లేదు.

మూడో రోజు గుర్తొచ్చి, ఆ గుడ్డ పిండి గదిలోనే ఆరేశాను. లేత పసుపు, చిన్న చిన్న పిట్టల బొమ్మలు... చాలా మెత్తగా ఉంది.

మా చిన్నప్పుడు... ఆగిరిపల్లి దగ్గర మామిడి తోటలో, కాపు రోజుల్లో కాపలా పాకలోనే ఉండేవాళ్లం. రాత్రి తొడుక్కోవడానికి నాన్న పాత పంచె చింపి అమ్మ చేత్తో కుట్టిన జుబ్బాలే. వాటి మీద సొన మరకలు... ఎన్ని ఉతుకులు ఉతికినా పోయేవి కావు.

ఒక ఏడు తిరునాళ్లలో చెల్లికి నైలాన్ గౌను కొన్నారు. విప్పమంటే ఏడ్చేది. దాంతోనే పడుకునేది. ఒక సాయంత్రం పొయ్యిలోంచి నిప్పురవ్వ ఎగిరి చేతి మీద పడింది. గుడ్డ కరిగి అంటుకుపోయింది... అమ్మ తీయబోతే చర్మం కూడా ఊడి వచ్చింది.

అప్పటి నుంచి ఇంటికి ఏ గుడ్డ వచ్చినా అమ్మ అంచులోంచి ఒక దారం లాగి దీపం మీద పెట్టేది. కాగితంలా కాలి బూడిద రాలితే నూలు. కరిగి నల్లపూసలా గట్టిపడితే పిల్లలకు పనికిరాదు.

పెళ్లయిన కొత్తలో అది చూసి పద్మ నవ్వింది.

"సీతమ్మవారికే అనుకున్నా. మీ ఇంట్లో గుడ్డలకూ అగ్నిపరీక్షేనా అత్తయ్యగారూ?"

"పసిదానికి తొడిగేదమ్మాయ్. నవ్వుతావేంటి, నువ్వూ నేర్చుకో."

నేర్చుకుంది. తర్వాత కుట్టడం మొదలుపెట్టాక అమ్మకన్నా గట్టిగా పాటించింది.

నిన్న సాయంత్రం, ఆ గుడ్డతో పాపకు జత కుట్టమన్న జి. కొండూరు అమ్మాయి ఫోన్ చేసింది. వచ్చే వారం పాపకు ఏడాది నిండుతుంది.

"బాబాయ్ గారూ, ఆ గుడ్డ ఇచ్చేయండి. నేనే కుట్టించుకుంటా. పిన్ని గుర్తుగా ఉంటది."

సరేనన్నాను. కవరులో పెట్టబోతూ, ఎందుకో ఒక దారం లాగి అగ్గిపుల్ల గీశాను. కరిగింది. ఇంకోటి లాగాను. అదీ అంతే.

"పద్మా, ఇది చూడు" అన్నాను... పైకే.

తొందరలో షాపువాడి మాట నమ్మినట్టుంది.

ఇవాళ ఆ అమ్మాయికి ఫోన్ చేసి, అది నూలు కాదు, ఇవ్వనని చెప్పాను.

"అదేంటండీ! పిన్ని చూడకుండా తెస్తారా?"

గుడ్డ పాడైపోయిందని చెప్పి ఊరుకుందామనే ముందు అనుకున్నాను. కానీ అలాంటిదే ఇంకోటి కొని పాపకు తొడుగుతుంది.

"ఈసారి చూడలేదమ్మా. పొరపాటు పడింది" అన్నాను.

పద్మ పోయాక, ఆమె గురించి నేను ఒకరితో చెప్పిన మొదటి మాట అది.

అప్పట్లో నైలాన్‌ను మెరుపే పట్టిచ్చేది. ఇప్పుడు అన్నీ నూలులాగే ఉంటున్నాయి... మెత్తగా. మీ ఇళ్లలో పసివాళ్లకు ఏం తొడిగేవారో, ఎవరు చూసి తెచ్చేవారో రాయండి. చదువుతాను.

రేపు పొద్దున్నే మొదటి బస్సుకు బెజవాడ వెళ్తాను. ఆ పాపకు రెండు మీటర్ల గుడ్డ కావాలి. షాపు గుమ్మంలోనే దారం కాల్చి చూసి తెస్తాను.