పెద్దమ్మ చేత ఇప్పించిన మాట

మా మంత్రసాని పెద్దమ్మ పోయింది. ఆ కబురు నాకు చేరవేసినవాడు రేవులో బియ్యం మూటలు మోసే మనిషి. వానలో తడుస్తూ రేవు పక్క బోటాటౌంగ్ నుంచి నేనుండే సంచౌంగ్ దాకా నడిచి వచ్చి, నా కుట్టుమిషను ఎదురుగా గుమ్మంలో నిలబడ్డాడు. "టైలరు బాబూ, పెద్దమ్మ నేదు. తెల్లారగట్ల ఎల్లిపోనాది" అన్నాడు. జ్వరం తగిలిందని తెలుసు. ఆదివారం వెళ్ళి చూద్దామనుకున్నాను. మిషను మీద సగం కుట్టిన చొక్కా అలాగే వదిలేసి అతని వెంట బయలుదేరాను.

రంగూనులో మన తెలుగువాళ్ళలో ఆమె చేతుల మీద పుట్టినవాళ్ళు ఎంతమందో నేను చెప్పలేను. శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు పల్లె నుంచి భర్తతో ఓడెక్కి వచ్చింది. రేవు పనిలో భర్త పోయాక తిరిగి వెళ్ళిపోతుందని అందరూ అనుకున్నారు. ఆమె వెళ్ళలేదు. "అక్కడ నన్ను పిలిసేవాళ్ళు ఎవులున్నారు? ఇక్కడైతే నొప్పులొచ్చిన ప్రతోళ్ళూ పిలుస్తారు" అనేది.

అప్పట్లో లమ్మడా పేటలో మేమందరం ఉండేది ఒక పాత మూడంతస్తుల ఇల్లు. గదులకు అడ్డంగా చెక్కలు కొట్టి, ఒక గదిలో రెండు కాపురాలు పెట్టిన ఇల్లు అది. మెట్ల పక్కన నా మిషను. రెండో అంతస్తులో వీధివైపు గది పెద్దమ్మది. మన ఉత్తరాది ఆడవాళ్ళలాగే ఆమెకూ అడ్డపొగ అలవాటు. చుట్ట వెలిగించి నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకునేది. బర్మా చుట్టలు లావుగా ఉంటాయని కింద మొహింగా అనే చేపల పులుసు సేమ్యాలూ చుట్టలూ అమ్ముకునే బర్మా ఆవిడతో రోజూ పేచీ. "డా మ్యా, ఇది సుట్టేటి, రోకలేటి?" అనేది తెలుగులో. ఆ డా మ్యాకు తెలుగు రాదు. నవ్వి, సన్నటివి ఏరి ఇచ్చేది.

పురిటింట్లో బిడ్డ ఏడ్చేదాకా పెద్దమ్మ కూర్చునేది కాదు. పీట వేసినా, కుర్చీ వేసినా నిలబడే ఉండేది. "ఏడిసే బిడ్డతోటి నాకు బయం నేదు. నోరు ఇప్పనిదానితోటే బయం" అని ఆమె తరచు అనే మాట. ఇల్లుగలాయన అద్దెలు పెంచినప్పుడు కూడా ఈ మాటే అంది.

అప్పుడు ఊళ్ళో గదులకు కరువు. ప్రతి ఓడలోనూ జనం దిగుతున్నారు, ఇళ్ళవాళ్ళు అడిగిందే అద్దె. మా ఇల్లుగలాయన అద్దె పెంచి, కట్టలేమన్నవాళ్ళకు కొళాయి ఆపించాడు. నగర పరిపాలనవాళ్ళు అద్దెదారుల కష్టాలు వినడానికి ఒక కచేరీ తెరిచారని, ఇష్టం వచ్చినట్టు పెంచకుండా అక్కడ అద్దెలు ఖాయం చేస్తారని, గూడు పోయినవాళ్ళకు తాత్కాలికంగా చోటు చూపిస్తారని నేను పత్రికలో చదివి వినిపించాను. మగవాళ్ళు పెదవి విరిచారు. కూలి మానుకుని కచేరీల చుట్టూ ఎవరు తిరుగుతారన్నారు. పెద్దమ్మ చుట్ట ఆర్పి లేచింది. "నోరు ఇప్పకపోతే సచ్చిందనే అనుకుంటారు. పద నాయినా" అని నన్ను బయలుదేరదీసింది.

ఆ కచేరీలోనే మెంబరు గారు మాకు అండ అయ్యారు. ఆయన మనవాడే, పెద్ద చదువు చదువుకుని నగరసభకు ఎన్నికైన వకీలు. మొదటి కానుపులో ఆయన భార్య ప్రాణం మీదికి వస్తే పెద్దమ్మే రెండు ప్రాణాలూ నిలబెట్టింది. ఆయన పెద్దమ్మను చూసి కుర్చీలోంచి లేచి ఎదురొచ్చారు. మా గోడు ఇంగ్లీషులో అధికారికి చెప్పారు. కొద్ది వారాల్లో పాత అద్దె ఖాయమైంది, కొళాయిలో మళ్ళీ నీళ్ళు వచ్చాయి. ఆ సాయంత్రం మా ఇంట్లో అన్ని గదుల్లోనూ దీపాలు వెలిగాయి. పెద్దమ్మ కొళాయి కింద కాళ్ళు పెట్టుకుని చాలాసేపు ఊరికే నిలబడింది. దొరతనంలో మన మొర వినే చోటు ఒకటుందని మేమందరం నమ్మాం. ఇది మరిచిపోకుండా రాస్తున్నాను. ఆ నమ్మకమే లేకపోతే తరవాత జరిగింది జరిగేది కాదు.

మరుసటి వానాకాలంలో వెనక మెట్లు కూలాయి. ఎవరికీ దెబ్బలు తగల్లేదు గాని గోడ పగిలింది. మెంబరు గారు బురదలో బూట్లతో వచ్చారు. మమ్మల్నందరినీ కింద గుమిగూడమని, ఇల్లు బాగుచేయించాలని, అందాకా నగరసభ బోటాటౌంగ్‌లో గోదాముల వెనక వేసిన రేకుల షెడ్లలో ఉండమని చెప్పారు. పని పూర్తికాగానే ఎవరి గదికి వాళ్ళు, అదే అద్దెకు తిరిగి రావచ్చన్నారు.

జనం కదల్లేదు. మూడో అంతస్తులో ఉండే ఓడ కళాసీ భార్య అడిగేసింది. "గది ఇడిసేసినాక మల్లీ మాకిస్తారని ఏటి నమ్మకం బాబూ?"

మెంబరు గారు పెద్దమ్మ వైపు తిరిగారు. "అమ్మా, నా మాట మీద నీకూ నమ్మకం లేదా? నువ్వే చెప్పు వాళ్ళకి."

కళాసీ భార్య కూడా ఆమె వైపే చూసింది. "నువ్వు ఎల్లమంటే ఎల్తాం పెద్దమ్మా."

పెద్దమ్మ అందరి ముఖాలూ చూసింది. "ఆ బాబు నాకు అబద్దం సెప్పడు. ఆ బాబు మాట నా మాటే అనుకోండి. ఎల్దాం" అంది.

వెళ్ళాం. ఆ షెడ్ల సంగతి ఎక్కువ రాయను. పగలు రేకులు కాలేవి, వాన పడితే నది నీళ్ళూ మురుగూ కలిసి గుమ్మాల్లోకి వచ్చేవి. పెద్దమ్మ మాత్రం ప్రతి ఇంటికీ వెళ్ళి, "కొన్నాళ్ళే, కొన్నాళ్ళే" అని చెప్పి వచ్చేది. అప్పుడప్పుడూ లమ్మడా దాకా నడిచి వెళ్ళి, సున్నం ఎంతదాకా వేశారో చూసి వచ్చి వార్త చెప్పేది. కొత్త మెట్లకు టేకు చెక్క వేశారని చెప్పిన రోజు ఆమె ముఖం ఇప్పటికీ నాకు గుర్తే.

ఇల్లు పూర్తయిందని తెలిసి మేం మూటలు కట్టుకుని వెళ్ళేసరికి మా గదుల్లో జనం ఉన్నారు. పెద్దమ్మ గది కిటికీలో ఎవరివో లుంగీలు ఆరుతున్నాయి. నా మిషను ఉండే చోట బల్ల వేసుకుని అద్దెలు వసూలు చేస్తున్న మనిషి మెంబరు గారి బావమరిది. ఇల్లంతా అతనే కౌలుకు తీసుకున్నాడట. అద్దె మేం ఎన్నడూ వినని అద్దె.

కచేరీకి పరుగెత్తాం. అదే గది, అదే బల్ల. అధికారి మర్యాదగానే మాట్లాడాడు. ఉన్నవాళ్ళను వెళ్ళగొడితే తాను అడ్డుకోగలనని, మీ అంతట మీరు ఖాళీ చేసిన గదులకు తాను చేయగలిగింది ఏమీ లేదని అన్నాడు. మెంబరు గారు వకీలు. ఈ సంగతి మాకు తెలియదు గాని ఆయనకు తెలుసు.

పెద్దమ్మ అక్కడినుంచి నేరుగా ఆయన ఇంటికి నడిచింది. నేను వెంట వెళ్ళాను. ఆయన తిట్టలేదు, గెంటించలేదు. అదే ఇంకా కష్టమనిపించింది. "అమ్మా, వ్యాపారంలో ఇలాంటివి తప్పవు. మా బావమరిది పెట్టుబడి పెట్టాడు. నీకు మాత్రం లోటు రానివ్వను. కింది గది నీకే. అద్దె కూడా వద్దు" అన్నారు.

"మిగిలినోళ్ళకి?"

"అందరికీ నేనెక్కడ చేయగలను?"

లోపలినుంచి ఆయన కూతురు పరుగెత్తుకొచ్చి పెద్దమ్మ కొంగు పట్టుకుంది. తలుపు వెనక ఆయన భార్య నిలబడి ఉందని నాకు తెలుస్తోంది, బయటికి మాత్రం రాలేదు. పెద్దమ్మ ఆ పిల్ల చేతిలోంచి కొంగు మెల్లిగా విడిపించుకుంది.

"నువ్వు నన్ను మోసం సేస్తే నాను ఓర్సుకుందును బాబూ. నా నోటితోటే ఆళ్ళని మోసం సేయించినావు. నీకు ఇయ్యడానికి గది ఉంది గావాల, నాకు ఆ నోరు ఒక్కటే ఉంది" అంది.

వీధిలోకి వచ్చాం. ట్రాము ఎక్కుదామన్నాను. వద్దంది. బోటాటౌంగ్ దాకా నడిచే వెళ్ళింది.

ఆ వారమంతా షెడ్డు షెడ్డుకీ తిరిగింది. "నా మాట ఇని గది ఇడిసినారు. గది పోనాది. నన్ను ఏటనాలో అనండి" అని ప్రతి గుమ్మంలోనూ నిలబడి చెప్పింది. నన్నూ మెంబరునూ సాకు పెట్టుకోలేదు. కొందరు ఏడ్చారు. కొందరు అననే అన్నారు. మెంబరుతో ఆమెకు ఉచితంగా గది పుచ్చుకునే ఒప్పందం ముందే ఉందని పుట్టించినవాళ్ళూ ఉన్నారు. కళాసీ భార్య తలుపు వేసేసింది. అప్పటికి ఆమె కడుపుతో ఉంది. పురుడుకు వేరే మనిషిని మాట్లాడుకుందని విన్నాం. పెద్దమ్మను పురిటికి పిలవకపోవడం అన్నది మా ఎరుకలో అదే మొదలు. ఆ తిట్లన్నిటికంటే ఆమెకు తగిలింది అదే. ఆ రోజుల్లో ఆమె చుట్ట కూడా ముట్టలేదు.

చాలామంది ఎక్కడివాళ్ళక్కడ సర్దుకున్నారు. నేను సంచౌంగ్‌లో అరుగు దొరికితే మారాను. ఎక్కడికీ పోలేనివాళ్ళు షెడ్లలోనే మిగిలారు. పెద్దమ్మ వాళ్ళతో ఉండిపోయింది. ఇంతలో షెడ్లు తాత్కాలికమే గనక తీసేస్తామని నగరసభ చాటింపు వేయించింది.

తీసే రోజున నేను అక్కడే ఉన్నాను. గునపాలతో వచ్చిన కూలీలూ మనవాళ్ళే, గంజాం వాళ్ళు. ఒక చివరినుంచి రేకులు ఊడదీసుకుంటూ కళాసీ షెడ్డు దాకా వచ్చారు. లోపల ఆమెకు నొప్పులు. మాట్లాడుకున్న మంత్రసాని రాలేదు. పెద్దమ్మ ఎవరూ పిలవకుండానే వెళ్ళి తలుపు తోసింది. తలుపు తీసిన అత్తగారు ఆమెను చూసి పక్కకు తప్పుకుంది. లోపలికి వెళ్ళబోతూ పెద్దమ్మ వెనక్కి తిరిగి కూలీలతో అంది.

"లోపల బిడ్డ పుడతాంది. పుట్టినాక మీ పని సేసుకోండి. నాను అడ్డం రాను."

పని చేయించే మేస్త్రీ గొణిగాడు. కూలీలు మాత్రం గునపాలు కింద పెట్టి గోదాము గోడ నీడన కూర్చున్నారు. ఒడియాలోనూ తెలుగులోనూ తమలో తాము మాట్లాడుకుంటూ, లోపలినుంచి కేక వినిపించినప్పుడల్లా మాట ఆపేవారు. పొద్దు వాలింది. బిడ్డ ఏడుపు వినిపించాక, వాళ్ళలో పెద్దవాడు లేచి మేస్త్రీతో, "పచ్చి బాలింతరాలి నెత్తి మీద రేకు మేం పీకం. నీకు కావాలంటే నువ్వు పీక్కో" అన్నాడు. సామాను సర్దుకుని వెళ్ళిపోయారు. తరవాత ఎందుకో ఆ పని మళ్ళీ సాగలేదు. కచేరీకి కొత్తగా వచ్చిన అధికారి ఒకాయన షెడ్లు చూసి వెళ్ళి, ఒక కొళాయి వేయించాడు. మాకు దక్కింది అంతే. లమ్మడా గదులు దక్కలేదు.

బిడ్డను చేతికిస్తున్నప్పుడు కళాసీ భార్య ఏమందో నేను వినలేదు. పెద్దమ్మను అడిగాను. "ఏటీ అన్నేదు. నా సెయ్యి పట్టుకుని ఉండిపోనాది. నాకు అదే సాలు" అంది. కోపం పోయిందా పెద్దమ్మా అని ఇంకోసారి అడిగాను, మెంబరు గారి సంగతి మనసులో పెట్టుకుని. "నేదు. పోవాలని కూడా నేదు" అంది. ఆయన ఇంట్లో రెండో కానుపుకు కారు పంపించినప్పుడు మాత్రం వెళ్ళింది. పని చేసింది. ఆ ఇంట మంచినీళ్ళు కూడా తాగకుండా నడిచే తిరిగి వచ్చింది.

ఆమె పోయాక ఇక్కడి మన పెద్దలు సంతాపసభ పెట్టారు. అధ్యక్షులు మెంబరు గారు. పూలదండ వేసిన ఖాళీ కుర్చీ పక్కన నిలబడి ఆయన చాలాసేపు మాట్లాడారు. బీదల మధ్యనే బతకాలన్న కోరికతో ఆ తల్లి రేకుల కింద జీవితం గడిపిందని అన్నారు. సభ చప్పట్లు కొట్టింది. నా పక్కన కూర్చున్న కళాసీ లేచి బయటికి నడిచాడు. నేనూ లేచాను. ఆమె కోరుకున్నది వీధివైపు కిటికీ ఉన్న తన గది. ఆ గది ఎలా పోయిందో ఆ సభలో ఎవరూ చెప్పలేదు గనక ఇక్కడ రాశాను. నాకు ఆమె నేర్పింది ఆ ఒక్కటే, నోరు విప్పడం. అందుకు ఆమెకు రుణపడి ఉన్నాను.

సభ నుంచి ఇద్దరం బోటాటౌంగ్ వెళ్ళాం. వాన వెలిసింది. పెద్దమ్మ షెడ్డు గుమ్మంలో ఎవరో బాలింత చెక్క మీద కూర్చుని, కాళ్ళు బారజాపి, పసిబిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోస్తోంది. కళ్ళల్లో పడకుండా నుదుటికి చెయ్యి అడ్డం పెట్టి పోస్తోంది. బిడ్డ గుక్క పట్టి ఏడుస్తోంది. వేడినీళ్ళు ఆవిరి కక్కుతూ కాళ్ళ మీదనుంచి జారి, షెడ్ల మధ్య సందులోంచి నది వైపు పోతున్నాయి.