ఊపిరి తీసుకునే చోటు

కళ్ళజోళ్ళ దుకాణాయన రికార్డును స్నానం చేయించిన పసిబిడ్డలా ఎత్తుకుంటాడు. ప్రతి ఆదివారం ఆయనలాగే జాజ్ సంగీతం పిచ్చి పట్టిన పళ్ళ డాక్టరూ, బావమరిదీ ఆయన ముందుగదిలో చేరి, తలా ఒక రికార్డు వినిపిస్తారు. ఏదైనా ఒక్కసారే వేయాలి, ముల్లు వెనక్కి జరపకూడదు. ఆ నియమం ఆయన పెట్టిందే. ఆయన వేసేది మాత్రం ఎప్పుడూ ఒకే రికార్డు. అందులో ఒకచోట వాద్యాలన్నీ ఆగిపోయి, శాక్సఫోన్ వాయించే మనిషి ఊపిరి తీసుకోవడం వినిపిస్తుంది. చీకట్లో ఎవరో వచ్చి పక్కన కూర్చున్నట్టుంటుంది. దాన్ని ఇంకొక్కరైనా వినాలని ఆయన ఆశ. సరిగ్గా అప్పుడే డాక్టరు రికార్డు అట్ట తిరగేసి ఏదో అడుగుతాడు, లేదా బావమరిది దగ్గుతాడు.

"మీకు దణ్ణం పెడతాను, ఈ ఒక్క వైపూ అయ్యేదాకా నోళ్ళు కుట్టుకోండి," అన్నాడు ఈసారి.

"కుట్టుకున్నాం, వెయ్యి బావా."

నిజంగానే ఎవరూ కదల్లేదు. డాక్టరు కళ్ళు కూడా మూసుకున్నాడు. సంగీతం ఆ చోటికి వచ్చింది. ఆయన ఉండబట్టలేక ముందుకు వంగి, "ఇదిగో, ఇక్కడే, వినండి," అన్నాడు.

అనేసరికి వాద్యాలు మళ్ళీ మొదలయ్యాయి.

"ఏదీ?" అన్నాడు డాక్టరు, కళ్ళు తెరవకుండానే.

ఆయన చేయి ముల్లు దాకా వెళ్ళింది. బావమరిది ఆ చేతినే చూస్తున్నాడు. ఆయన మెల్లగా చేయి ఒళ్ళోకి తీసుకున్నాడు.

"వస్తుంది," అన్నాడు.

ఆ వైపు అయిపోయేదాకా వాళ్ళిద్దరూ ఎంతో బుద్ధిగా విన్నారు.